మెషీన్ బిగుసుకుపోకముందే మెమరీ సంగతి చూడాలి

సంపాదకులకు నమస్కారం.

పాత లాప్‌టాప్‌లో లైనక్స్ వేసుకోమని విద్యార్థులకు సలహా ఇచ్చేవాళ్లు ఒక విషయం చెప్పడం లేదు. 4 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్‌లో బ్రౌజర్ నిండా ట్యాబ్‌లు తెరిచి, పక్కన ఆన్‌లైన్ క్లాసు పెడితే కాసేపటికి మౌస్ కదలదు, డిస్క్ లైటు ఆరదు. పవర్ బటన్ నొక్కిపట్టడమే గతి. సేవ్ చేయని పని పోయినట్టే.

మెమరీ నిండితే ఏదో ఒక ప్రోగ్రామ్‌ను చంపే ఓఓఎం (ఔట్ ఆఫ్ మెమరీ) కిల్లర్ లైనక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌లోనే ఉంది. కానీ ఇక ఏమీ ఖాళీ చేయలేనని తేలాకే అది రంగంలోకి దిగుతుంది. ఆలోపు కెర్నల్, డిస్క్‌లో కాపీ ఉంది కదా అని, నడుస్తున్న ప్రోగ్రామ్‌ల కోడ్‌నే మెమరీలోంచి తీసేస్తుంది. మరుక్షణం అదే కోడ్ కావాలి, మళ్లీ డిస్క్ నుంచి చదవాలి. ఎంతో కొంత ఖాళీ అవుతూనే ఉంటుంది కాబట్టి కెర్నల్ లెక్కలో మెమరీ ఇంకా అయిపోలేదు! స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు డేటాను దాచే డిస్క్ చోటు) తీసేస్తే ఈ బాధ తప్పుతుందనుకోవడం పొరపాటు. డేటాను పక్కన పెట్టే చోటు లేక కోడ్ మీదే భారమంతా పడుతుంది.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఉన్నదీ లైనక్స్ కెర్నలే. అక్కడ మెమరీ తగ్గించుకోమని యాప్‌లకు ముందే కబురు వెళ్తుంది. అప్పటికీ చాలకపోతే వెనకాల ఉన్న యాప్‌లను ఎల్‌ఎంకేడీ అనే సర్వీసు మూసేస్తుంది. మెమరీ కోసం ప్రోగ్రామ్‌లు ఎంతసేపు ఆగిపోతున్నాయో చెప్పే పీఎస్‌ఐ కొలతను ఆండ్రాయిడ్ 10 నుంచి అది వాడుకుంటోంది. 2018 చివర్లో వచ్చిన కెర్నల్ 4.20లోనే ఆ కొలత ఉంది. లాప్‌టాప్‌కు లేనిది దాన్ని వాడుకునే విధానమే.

లైనక్స్ రకాల్లో ఒకటైన ఉబుంటు, 22.04 వెర్షన్‌లో సిస్టమ్‌డీ-ఊమ్‌డీ అనే సర్వీసుతో ఆ ప్రయత్నం చేసింది. అది ఒక గ్రూపులోని ప్రాసెస్‌లన్నిటినీ కలిపి చంపుతుంది. అందుకే బ్రౌజర్ మొత్తం ఒక్కసారిగా మాయమైందని వినియోగదారులు గగ్గోలు పెట్టారు. వాళ్ల కోపం న్యాయమే. ముందు పోవాల్సింది వాడకంలో లేని ట్యాబ్. దేన్ని ఎందుకు మూసిందో తెరమీద చెప్పాలి కూడా.

డిస్ట్రోలు (ఉబుంటు లాంటి లైనక్స్ రకాలు) మారేదాకా కంప్యూటర్ ల్యాబుల వాళ్లు మూడు పనులు చేయొచ్చు. ర్యామ్‌లోనే కుదించి దాచే జెడ్‌ర్యామ్ స్వాప్ పెట్టాలి. ఎర్లీఊమ్ ప్యాకేజీ వేయాలి. అందుబాటులో ఉన్న ర్యామ్, ఖాళీ స్వాప్ రెండూ 10 శాతానికి దిగితే అది ఒక ప్రోగ్రామ్‌ను మర్యాదగా ముగించమంటుంది, 5 శాతానికి దిగితే బలవంతంగా ఆపేస్తుంది. ఊమ్‌డీ ఉన్నచోట రెంటిలో ఒకటే నడపండి.

మూడోది, ఆల్ట్, సిస్‌ఆర్‌క్యూ (మామూలుగా ప్రింట్ స్క్రీన్ మీటే), ఎఫ్ మీటలు కలిపి నొక్కితే ఓఓఎం కిల్లర్‌ను మనమే పిలవొచ్చు. ఉబుంటులో సిస్‌ఆర్‌క్యూతో ఏయే పనులు చేయనివ్వాలో చెప్పే kernel.sysrq సెట్టింగ్ విలువ మామూలుగా 176 ఉంటుంది, దాంతో ఇది పనిచేయదు. ప్రోగ్రామ్‌లను ఆపే అనుమతికి గుర్తైన 64 కలిపి 240 చేస్తే పనిచేస్తుంది.

— ఒక సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్, విజయవాడ