చెక్కులోని రాజు

విశాఖపట్నం

చిరంజీవి శారదకు,

అమ్మ దీవించి వ్రాయునది. ఇంటి అద్దెకు అక్కడ ఇప్పటికీ చెక్కు వ్రాసి ఇవ్వవలసి వస్తున్నదనీ, బ్యాంకు పంపిన పుస్తకంలో ఆ మాట చివర మనం వ్రాసే ‘క్యూ, యు, ఇ’ అక్షరాలకు బదులు ‘సి, కె’ మాత్రమే ఉన్నాయనీ, అమెరికా వాళ్ళు మాటను కురచచేసి పాడుచేశారా అనీ ఫోనులో అడిగావు. బ్యాంకులో చెక్కులు పరిష్కరించే క్లియరింగు విభాగంలో, చెక్కుల కట్టల మధ్య ఉద్యోగకాలమంతా గడిపినదానిని కనుక, ఫోనులో రెండు ముక్కలు చెప్పి ఊరుకోవడానికి మనసొప్పలేదు. వాళ్ళు పాడుచేయలేదు తల్లీ, పాత స్పెల్లింగు వాళ్ళదే. మనం వ్రాసేది తరువాతి కాలంలో బ్యాంకువాళ్ళు ఆ మాటకు తొడిగిన నగ.

ఈ మాటకు పుట్టిల్లు చదరంగం. ఏనుగులు, రథాలు, గుర్రాలు, కాల్బలం అనే నాలుగంగాల సేనను చతురంగమన్నారు మన పూర్వులు. ఆ సేనను పలక మీద నడిపే ఆటకూ అదే పేరు పెట్టారు. 7వ శతాబ్దిలో బాణభట్టు హర్షుని పాలనను పొగుడుతూ, ఆ రాజ్యంలో చతురంగాల మోహరింపు ఆటపలకల మీద తప్ప మరెక్కడా కనిపించదని, అంటే యుద్ధమన్నదే లేదని, చమత్కరించాడు. ఆట పారశీకులకు చేరి చత్రంగ్ అయింది, అరబ్బుల నోట షత్రంజ్ అయింది. పారశీకంలో రాజును షా అంటారు. ఎదుటివాడి రాజు మీదికి పావును నడిపినవాడు “షా!” అని హెచ్చరించడం ఆ ఆటలో మర్యాద. ఆ హెచ్చరికే అరబ్బుల వెంట ఐరోపాకు పోయి, మధ్యయుగపు లాటిన్‌లో స్కాకస్‌గా, పాత ఫ్రెంచిలో ఎషెక్‌గా మారి, ఇంగ్లండును ఫ్రాన్సు నుంచి వచ్చిన నార్మన్లు జయించిన తరువాత ఇంగ్లీషులోకి ‘చెక్’ అయి వచ్చింది. ఆ ఫ్రెంచి మాటకు బహువచన రూపం అరిగి అరిగి ‘చెస్’ అయింది కనుక, మాటల లెక్కన చెస్ అంటే రాజులు అని అర్థం చెప్పుకోవాలి. స్పెయిన్ వాళ్ళు మాత్రం రాజును వదిలి మన చతురంగాన్నే పట్టుకున్నారు. వాళ్ళు ఈ ఆటను పిలిచే పేరు అరబ్బుల షత్రంజ్ నుంచి పుట్టింది.

షా అన్న మాట మనకు మరీ పరాయిది కూడా కాదు. దాని ప్రాచీన పారశీక రూపానికీ, మన సంస్కృతంలోని క్షత్ర శబ్దానికీ ధాతువు ఒక్కటే. రెండింటిలోనూ ఉన్నది ఏలడమన్న అర్థమే. అంటే దాయాది ఇంటికి పోయిన మాట, ఎన్నో ఊళ్ళు తిరిగి, చెక్కుపుస్తకం రూపంలో తిరిగి మనింటికి వచ్చిందన్నమాట.

చెక్‌మేట్ అన్నది ‘షా మాత్’ నుంచి వచ్చింది. అరబ్బీలో ‘మాత’ అంటే చనిపోయాడని అర్థం కనుక దీనిని ‘రాజు చచ్చాడు’ అని వివరించేవారు చాలామంది ఉన్నారు. నాకు ఆ వివరణ నచ్చదు. పారశీకంలో మాత్ అంటే దిక్కుతోచని స్థితిలో పడడం, నిశ్చేష్టుడు కావడం. చదరంగంలో రాజును ఎవరూ చంపరు, పలక మీది నుంచి తీసివేయరు. ఎటూ కదలడానికి వీల్లేకుండా చేస్తారు, అంతే. మన తెలుగువాళ్ళు దానిని ‘ఆటకట్టు’ అన్నారు. చావు ఊసెత్తని ఆ మాటే ఆటకు సరిగ్గా సరిపోయింది.

రాజుకు చెక్ చెప్పగానే ఎదుటివాడి ఎత్తులన్నీ ఎక్కడివక్కడ ఆగిపోతాయి. రాజును కాపాడే ఎత్తు తప్ప మరో ఎత్తు వేయడానికి లేదు. అందువల్ల 14వ శతాబ్ది నాటికే ఇంగ్లీషులో ఈ మాట ఆట దాటి బయటికి వచ్చి, హఠాత్తుగా ఆపడం, అడ్డుకట్ట వేయడం, అదుపులో పెట్టడం అన్న అర్థాలను సంపాదించుకున్నది. పోర్టులో పనిచేసినంత కాలం మీ నాన్నగారు ఈ అర్థంలోనే ఆ మాటను వాడేవారు. ఓడను బెర్తుకు, అంటే రేవులో నిలిపే చోటుకు, చేర్చేటప్పుడు, ఒడ్డున ఉన్న ఇనుప గుంజకు తగిలించిన మోకును ఓడ మీది వాళ్ళు ఒక్కసారిగా బిగించరు. బిగిస్తే అంత లావు మోకూ పుటుక్కున తెగి మనుషుల ప్రాణాల మీదికి వస్తుంది. మోకును బిగువు మీద ఉంచుతూనే కొద్దికొద్దిగా వదులుతూ ఓడ వేగాన్ని తగ్గిస్తారు. దానినే వాళ్ళు ‘చెక్ చేయడం’ అంటారు. ఆ మాట విని, మోకు గట్టిగా ఉన్నదో లేదో పరీక్షించమంటున్నారు కాబోలు అని నేను చాలాకాలం అనుకున్నాను.

మన తెలుగు పత్రికలవాళ్ళు కూడా ఈ పాత అర్థాన్నే గట్టిగా పట్టుకున్నారు. ‘దోమలకు చెక్’, ‘జుట్టు రాలడానికి చెక్’, ‘ప్రత్యర్థికి చెక్ పెట్టిన ఎమ్మెల్యే’ అని శీర్షికలు పెడతారు. ఇంగ్లీషు పత్రికల్లో ఇంత ధారాళంగా ఈ వాడుక కనిపించదు. చదరంగం ఆడటం తెలియని వాళ్ళు కూడా ఆ శీర్షిక చదివి ఇట్టే గ్రహిస్తారు.

ఆపడం నుంచి పరిశీలించడమన్న అర్థం రావడానికి పెద్ద దూరం లేదు. అదుపులో పెట్టాలనుకున్నవాడు చూడక తప్పదు. 17వ శతాబ్ది నాటికి ఒక లెక్కను మరొక లెక్కతో సరిపోల్చి చూడడానికి ఈ మాటను వాడడం స్థిరపడింది. అరకు వెళ్ళే దారిలో అటవీశాఖ వాళ్ళ చెక్‌పోస్టు నీకు గుర్తుండే ఉంటుంది. అడ్డంగా వెదురు బొంగు దించి బండిని ఆపడం ఒక చెక్, దిగి వచ్చి వెనుక ఏముందో చూడడం ఇంకొక చెక్; రెండర్థాలూ ఆ ఒక్క చోట కలిసి నిలబడి ఉంటాయి.

ఇక డబ్బు సంగతికి వస్తాను, ఇది కొంచెం పెద్ద కథ. పాత ఫ్రెంచిలో చదరంగపు పలకను ‘ఎషెకియే’ అనేవారు. నార్మన్ రాజుల కాలంలో ఇంగ్లండులో ఒక్కొక్క మండలానికి షెరిఫ్ అనే అధికారి ఉండి, రాజుకు రావలసిన శిస్తులు వసూలుచేసి, ఖజానాకు వచ్చి లెక్క అప్పజెప్పేవాడు. ఆ లెక్క చూసే బల్ల సుమారు 10 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు ఉండేదనీ, మీద పెట్టినవి దొర్లి పడకుండా చుట్టూ అంచు ఉండేదనీ, దాని మీద గీతలు గీసిన నల్లని గుడ్డ పరిచేవారనీ, ఆనాటి కోశాధికారి రిచర్డ్ ఫిట్జ్‌నీల్ 12వ శతాబ్ది చివరి భాగంలో వివరంగా వ్రాసిపెట్టాడు. గుడ్డ మీది వరుసలలో ఒకటి పెన్నీలకు, ఒకటి షిల్లింగులకు, ఒకటి పౌండ్లకు, ఆ పైన ఇరవైలకు, వందలకు, వేలకు. షెరిఫ్ చెల్లించవలసిన మొత్తాన్ని బిళ్ళలుగా ఒక వైపు పేర్చి, తెచ్చినదానిని వాటికి దిగువన పేర్చి, తీసివేసుకుంటూ పోతే బాకీ ఎంతో బల్ల చుట్టూ ఉన్న వాళ్ళందరికీ కళ్ళ ముందే తేలిపోయేది. అప్పటికి వాళ్ళు వ్రాసేవి రోమన్ అంకెలు. సున్నా లేని ఆ అంకెలతో కాగితం మీద కూడికలు, తీసివేతలు చేయడం ఎంత అవస్థో ఊహించుకో. మన అమ్మమ్మలు చింతగింజలు కుప్పలు పోసి పాలవాడి లెక్క తేల్చినట్టే, ఆ రాజ్యం లెక్కంతా బిళ్ళలతోనే తేలేది. బల్లకు ఒక పక్క కోశాధికారి, ఎదుట షెరిఫ్, మధ్యలో గళ్ళగుడ్డ. చదరంగంలో రాజులు పోరాడినట్టు ఇక్కడ వీళ్ళిద్దరి మధ్య పోరు నడుస్తుందని ఫిట్జ్‌నీల్ స్వయంగా పోల్చాడు. ఆ బల్ల పేరే లెక్కలు చూసే ఆ కచేరీకి వచ్చి ‘ఎక్స్‌చెకర్’ అయింది. బ్రిటన్ ఆర్థిక మంత్రిని ఈనాటికీ ఛాన్సెలర్ ఆఫ్ ది ఎక్స్‌చెకర్ అనే అంటారు, అంటే చదరంగపు బల్లకు అధికారి అన్నమాట.

చెల్లింపుకు ఆ కచేరీలో ఇచ్చే రసీదు మరీ విచిత్రమైనది. ఒక కర్రముక్క మీద మొత్తాన్ని బట్టి చిన్నవీ పెద్దవీ గంట్లు పెట్టి, దానిని నిలువునా రెండుగా చీల్చేవారు. ఒక బద్ద చెల్లించినవాడికి, రెండోది ఖజానాకు. తగాదా వస్తే రెండింటినీ జోడించి చూస్తే చాలు. ఎవరు దొంగతనంగా గంటు పెట్టినా ఎదుటి బద్దలో అది ఉండదు, చెక్క ఈనెలు కలవవు. దగ్గర ఉంచుకునే ఆ ఎదురుబద్ద పేరు నుంచే చెక్కు చించాక పుస్తకంలో మన దగ్గర మిగిలే ముక్కకు వాడే ‘కౌంటర్‌ఫాయిల్’ అన్న మాట వచ్చింది. శతాబ్దాల తరబడి పోగుపడ్డ ఈ కర్రలను వదిలించుకోవడానికి 1834 అక్టోబరు 16న ప్రభువుల సభ కింది కొలుములలో వేసి తగలబెడితే, పొగగొట్టాలు కాగిపోయి, మంట పైకి పాకి, బ్రిటిష్ పార్లమెంటు భవనంలో అధికభాగం బూడిదైపోయింది. రసీదులు దహించి పార్లమెంటునే కాల్చుకున్న ప్రభుత్వం ఇంకొకటి ఉంటుందనుకోను.

నీ ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉన్నది. 18వ శతాబ్ది తొలి సంవత్సరాలలో బ్యాంకు వ్యవహారాలలోకి వచ్చినప్పుడు ‘చెక్’ అన్న పేరు డబ్బు తెచ్చిపెట్టే కాగితానికి పెట్టినది కాదు, దాని నుంచి చించి దగ్గర ఉంచుకునే ముక్కకు పెట్టినది. దొంగ కాగితం వస్తే ఆ ముక్కతో సరిపోల్చి పట్టుకుంటారు కనుక అది మోసానికి చెక్. క్రమంగా ఆ పేరు కౌంటర్‌ఫాయిల్‌ను వదిలి కాగితానికి ఎక్కింది. కాపలావాడి పేరు యజమానికి వచ్చినట్టయింది. అప్పటికి ఎక్కువమంది వ్రాస్తున్నది ‘సి, కె’ తోనే. 1820ల చివర లండనులో జేమ్స్ విలియం గిల్బార్ట్ అనే బ్యాంకరు తన బ్యాంకింగు గ్రంథంలో, చాలామంది ఆ మాటను ‘సి, కె’ తో వ్రాస్తున్నా తాను ‘క్యూ’ తో ఎందుకు వ్రాస్తున్నాడో చెప్పుకున్నాడు: వేరే అర్థాలతో తికమక ఉండదు, పైగా ఎక్స్‌చెకర్‌తో పోలిక కుదురుతుంది. రాజుగారి ఖజానాతో చుట్టరికం కలుపుకోవడంలో బ్యాంకువాళ్ళకు కొంత దర్పం కూడా ఉండి ఉంటుందని నా అనుమానం. ఇంగ్లండులో ఆ స్పెల్లింగు నిలిచింది, చెక్కుల వంటి పత్రాల గురించిన 1881 నాటి మన నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోకీ అదే వచ్చింది. అమెరికా ఆ మార్పును పట్టించుకోలేదు.

గిల్బార్ట్ అంత ఆలోచించి స్పెల్లింగుతో తీర్చిన తికమకను మనవాళ్ళు ఒక్క ఉకారంతో తీర్చారు చూడు. పరిశీలిస్తే చెక్ చేశామంటాం, అడ్డుకుంటే చెక్ పెట్టామంటాం, బ్యాంకు కాగితం మాత్రం చెక్కు. ఎవరూ నేర్పకుండానే పూర్ణా మార్కెట్టులో కూరగాయల కొట్టువాడి నుంచి కలెక్టరాఫీసు గుమాస్తా వరకు అందరూ ఈ తేడా పాటిస్తారు. ఆ ఉకారం వల్లనే అది మన సొంత మాట ‘చెక్కు’ పక్కన చేరి ఒదిగిపోయింది. శిల్పం చెక్కడానికీ, చెక్కుచెదరకపోవడానికీ బ్యాంకు చెక్కుతో ఏ సంబంధమూ లేదు; నీ స్నేహితులలో ఎవరైనా ఉన్నదని వాదిస్తే నమ్మకు.

చొక్కాల మీది చెక్స్ కూడా ఈ కుటుంబమే, చదరంగపు గళ్ళ నుంచి వచ్చినదే. నువ్వు అక్కడ ఇంకా కొన్ని చుట్టాలను చూస్తావు. దరఖాస్తులో ఇక్కడ మనం టిక్కు పెట్టే గడిలో అక్కడ చెక్ పెట్టమంటారు. హోటలులో బిల్లును చెక్ అంటారు. చలికోటును ఒకచోట అప్పగించి గుర్తుకు బిళ్ళ తీసుకుంటే ఆ బిళ్ళా చెక్కే. ఇది మాత్రం నేరుగా ఆ పాత ఎదురుబద్ద సంతానం.

స్పెల్లింగు కంటే వాడుకలోని తేడాలు నీకు ఎక్కువ అవసరం. మన చెక్కు మీద తేదీకి 8 గళ్ళు ముద్రించి ఉంటాయి, ముందు రోజు, తరువాత నెల. అక్కడ నెల ముందు వ్రాయాలి. 5వ తేదీ మార్చికీ, 3వ తేదీ మేకీ పొరపాటు జరిగితే అద్దె ఆలస్యమైందంటారు. ఇక్కడ ఎడమ పై మూలన రెండు అడ్డగీతలు గీస్తే నగదు చేతికి ఇవ్వరు, ఖాతాలోనే వేస్తారు. ఆ క్రాసింగు అక్కడి వ్యవహారంలో లేదు కనుక గీతల మీద భరోసా పెట్టుకోకు, ఇంటి యజమాని పేరు పూర్తిగా వ్రాయి. మొత్తాన్ని అక్షరాలలో వ్రాసిన తరువాత మిగిలిన ఖాళీలో చివరి దాకా గీత కొట్టు. నీకు వచ్చిన పుస్తకంలో కౌంటర్‌ఫాయిల్ ఉన్నదా, లేక చెక్కు కింద నకలు పడేలా పలుచని కాగితం ఉన్నదా? రెండూ లేకపోతే పుస్తకంతోపాటు చిన్న రిజిస్టరు ఒకటి ఇచ్చి ఉంటారు, చెక్కు చించక ముందే అందులో నంబరు, తేదీ, మొత్తం ఎక్కించు. ఏ రకం పుస్తకమో ఒక ఫోటో తీసి పంపు, చూసి చెబుతాను.

ఇట్లు,
మీ అమ్మ