పోటు వేళ పక్షులను లేపవద్దు

సంపాదకుల వారికి,

అయ్యా,

కార్తీక మాసం రాగానే వనభోజనాలకూ పడవ షికారుకూ కోరింగ మడ అడవులకు జనం పెరుగుతారు. సైబీరియా వైపు నుంచి వేల మైళ్లు ఎగిరివచ్చిన ఉల్లంకి జాతి పక్షులు కాకినాడ అఖాతం బురద నేలల్లో మేత వెతుక్కునేదీ ఆ రోజుల్లోనే. వాటి ఇబ్బందిని మీ పత్రిక ద్వారా తెలియజేయదలచాను.

కిందటి ఆదివారం తెల్లవారుజామున చేపల పడవలో, గోదావరి పాయ గౌతమి సముద్రంలో కలిసే మొగకు వెళ్లాను. పాటుకు నీరు తీసి బురద బయటపడి ఉంది. వంపు ముక్కు కర్ల్యూ ఒకటి పీతను బయటికి లాగి, కాళ్లు ఊడేదాకా విదిలించి, డొల్లతో సహా మింగేసింది. మడ వేళ్ల పక్కన రాత్రి తిరిగిన బావురుపిల్లి అడుగుజాడల్లో ఇంకా నీరు ఊరుతోంది. పడవ నడిపే ఆయన చూపించకపోతే వాటిని తొక్కేసి ఉండేవాణ్ణి.

పోటు ఎక్కేకొద్దీ బురద మునిగిపోయి, పక్షులన్నీ మిగిలిన ఇసుక దిబ్బ మీద గుమిగూడాయి. అప్పుడే మైకులో పాటలు పెట్టుకుని ఒక షికారు పడవ వచ్చింది. అందులోని కుర్రాళ్లు దిబ్బ మీదికి దూకి, సెల్‌ఫోన్లు పట్టుకుని పరుగెత్తడంతో గుంపు మొత్తం లేచిపోయింది, అరగంటలో అయిదుసార్లు. ఎగిరే గుంపు ఫొటోలో బాగుంటుందని ఒకప్పుడు నేనూ ఈ పని చేసినవాణ్ణే కనుక వారిని మాత్రమే తప్పుపట్టలేను.

అయితే, పోటు ఉన్నంతసేపూ మేత దొరకని ఈ పక్షులకు విశ్రాంతి తీసుకునే సమయం అదే. లేచిన ప్రతిసారీ ప్రయాణంలో కరిగిపోగా మిగిలిన కాస్త కొవ్వూ ఖర్చవుతుంది. ఆ ఏడాది పుట్టిన పిల్లలు చాలా జాతుల్లో పెద్దవాటి తర్వాత, దారి చూపేవారు లేకుండానే వస్తాయి. ప్రపంచంలోనే అంతరించే ప్రమాదంలో ఉన్న గ్రేట్ నాట్ అనే ఉల్లంకి కూడా ఇక్కడికి వచ్చే అతిథుల్లో ఉంది.

తాబేళ్లు గుడ్లు పెట్టే కాలంలో హోప్ ఐలాండ్ ఇసుకను కాపాడుతున్న అటవీ శాఖ, ఈ దిబ్బలకూ అంతటి శ్రద్ధ చూపాలని కోరుతున్నాను. రోజువారీ పోటు వేళలను టికెట్టు కౌంటరు వద్ద రాసిపెట్టి, ఆ సమయంలో దిబ్బలపై దిగడాన్నీ పడవల్లో మైకులనూ ఈ కార్తీకం నుంచే నిషేధించాలి. బైనాక్యులర్స్ అద్దెకిస్తే దూరం నుంచే చూసి సంతోషించేవారు చాలామందే ఉంటారు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
తాళ్లరేవు మండలం, కాకినాడ జిల్లా