నాన్నా, ఫార్మాట్ మాత్రం నొక్కకండి

నాన్నకు,

ఫోన్లో మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే పెన్‌డ్రైవ్ పూర్తిగా పోలేదనే అనిపిస్తోంది. పెట్టగానే కంప్యూటర్ చప్పుడు చేస్తోంది, డ్రైవ్ అక్షరం కనబడుతోంది, తెరవబోతే ఫార్మాట్ చెయ్యమంటోంది. అంతే కదా? ఫోన్లో నేను ఒకటి చెప్పేలోపు మీరు ఇంకోటి నొక్కేస్తున్నారు. పైగా నాకు తీరిక దొరికే వేళకి మీకు అర్ధరాత్రి. అందుకే ఇలా రాస్తున్నాను. కాగితం పక్కన పెట్టుకుని నిదానంగా చూడండి.

ముందుగా, ఆ 'ఫార్మాట్ డిస్క్' బటన్ నొక్కకండి. ఎన్నిసార్లు అడిగినా క్యాన్సిల్ కొట్టండి. అలా అడిగిందంటే లోపల ఏమీ లేదని కాదు. ఏ ఫైల్ ఎక్కడుందో రాసుకున్న పట్టిక చెడిపోయింది, దాన్ని చదవలేకపోతోంది. పుస్తకంలో విషయసూచిక చిరిగినంత మాత్రాన పేజీలు పోవు కదా, ఇదీ అంతే. మీరు స్కాన్ చేసిపెట్టిన ఫోటోలు చాలావరకు ఉన్నచోటే ఉండాలి. వాటి మీద కొత్తగా ఇంకేదైనా రాస్తే మాత్రం ఇక రావు. కాబట్టి పనిచేస్తుందో లేదో చూద్దామని చిన్న ఫైల్ కూడా అందులోకి కాపీ చెయ్యొద్దు.

డిస్క్ తప్పులు సరిచెయ్యడానికి విండోస్‌లోనే ఉండే చెక్‌డిస్క్ నడిపితే సరిపోతుందని తమ్ముడు అన్నాడట. వాడికి ఎప్పుడూ తొందరే. చెక్‌డిస్క్ మంచిదే కానీ, దాని ధ్యాసంతా పట్టికను తిన్నగా చెయ్యడం మీదే, మీ ఫోటోల మీద కాదు. ఏ ఫైల్‌వో తేలని ముక్కలు దొరికితే సీహెచ్‌కే అనే తోకతో ఫైళ్లుగా చేసి ఒక ఫోల్డర్లో పడేస్తుంది. ఫోటోలు బయటికి వచ్చేదాకా దాని జోలికి వెళ్లొద్దని వాడికి చెప్పండి.

ఇక చెయ్యాల్సింది. మీది టేబుల్ మీద పెట్టే కంప్యూటర్ కాబట్టి, ముందువైపు కాకుండా వెనకవైపున్న యూఎస్‌బీ పోర్టులో పెట్టి చూడండి. వెనకవి నేరుగా మదర్‌బోర్డు మీదే ఉంటాయి. ముందువి లోపల ఒక వైరు ద్వారా వస్తాయి, ఆ వైరు వదులైనా ఇలాంటి తిక్కలే. మధ్యలో పోర్టులు పెంచే హబ్ ఉంటే తీసెయ్యండి. తర్వాత తమ్ముడి ల్యాప్‌టాప్‌లో పెట్టండి. అక్కడ మామూలుగా తెరుచుకుంటే ఇంకేం ఆలోచించకుండా అన్నీ ఆ ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసెయ్యమనండి. అప్పుడు తేడా మీ కంప్యూటర్‌లోనే ఉన్నట్టు. కంప్యూటర్‌కి తగిలించినవాటి జాబితా చూపించే డివైస్ మేనేజర్‌లో ఆ పెన్‌డ్రైవ్ మీద కుడి క్లిక్ చేసి 'అన్ఇన్‌స్టాల్ డివైస్' కొట్టి, పెన్‌డ్రైవ్ తీసి, కంప్యూటర్ రీస్టార్ట్ చేసి మళ్లీ పెట్టండి. విండోస్ దాన్ని కొత్తగా గుర్తుపడుతుంది. 'అన్ఇన్‌స్టాల్' అన్న మాట చూసి టెన్షన్ పడకండి, తీసేసేది డ్రైవర్‌నే, అంటే దాన్ని నడిపే చిన్న సాఫ్ట్‌వేర్‌నే, ఫైళ్లను కాదు.

తమ్ముడి ల్యాప్‌టాప్‌లోనూ ఫార్మాట్ చెయ్యమనే అడిగితే డిస్క్ మేనేజ్‌మెంట్ చూడాలి. విండోస్ కీ, ఎక్స్ కలిపి నొక్కితే ఒక మెనూ వస్తుంది, అందులో ఉంటుంది. కింద డిస్క్ 0, డిస్క్ 1 అని వరుసలు కనిపిస్తాయి. సాధారణంగా డిస్క్ 0 మీ కంప్యూటర్‌దే, దాన్ని ముట్టుకోకండి. పెన్‌డ్రైవ్ వరుసను సైజును బట్టి పోల్చుకోండి. 'ఇనిషియలైజ్' చెయ్యనా అని అడిగితే దానికీ క్యాన్సిలే.

ఆ వరుసలో 'రా' అని, అంటే ఆర్ ఏ డబ్ల్యూ అక్షరాలు, ఉంటుందని నా అంచనా. పట్టిక చెడిందనడానికి అదే గుర్తు, ఫోటోలు వెనక్కి రావడానికి మంచి అవకాశమే ఉంది. 'అన్‌అలొకేటెడ్' అని ఉంటే పార్టిషన్, అంటే డ్రైవ్‌లో చేసిన భాగం, దాని వివరమే పోయినట్టు, దానికీ దారి ఉంది. 'నో మీడియా' అని ఉంటే మాత్రం కష్టం. పెన్‌డ్రైవ్‌లోని కంట్రోలర్ చిప్ తన మెమరీనే అందుకోలేకపోతోందని అర్థం. ఏ సాఫ్ట్‌వేరూ పనికిరాదు, డేటా రికవరీ చేసేవాళ్లకి ఇవ్వాల్సిందే.

మొదటి రెండిట్లో ఏదైనా సరే, ఫోటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, టెస్ట్‌డిస్క్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌తో కలిసే వస్తుంది. ఉచితమని చెప్పి, అంతా వెతికాక డబ్బు కడితేనే ఇస్తామనే రకం కాదు. ఇది చెడిపోయిన పట్టిక మీద ఆధారపడదు. ఫోటో ఫైళ్లు మొదలయ్యే తీరు దానికి తెలుసు, పెన్‌డ్రైవ్ అంతా ఆ చివరి నుంచి ఈ చివరికి చదివి ఏరుకొస్తుంది. ఫైళ్ల పాత పేర్లు, ఫోల్డర్లు మాత్రం రావు. మీరు ఏళ్ల వారీగా పెట్టుకున్న వరుసంతా కలిసిపోతుంది, అది మళ్లీ సర్దుకోవాలి, అమ్మ ఉందిగా సాయానికి. మౌస్‌తో నడిచే క్యూఫోటోరెక్ కూడా అందులోనే ఉంటుంది, అది వాడండి. ఒక్కటే జాగ్రత్త: దొరికిన ఫోటోలు ఎక్కడ పెట్టాలని అడిగినప్పుడు కంప్యూటర్‌లోని ఫోల్డర్ చూపించండి, పెన్‌డ్రైవ్‌ది కాదు. గంటలు పట్టొచ్చు, మధ్యలో లాగెయ్యకండి. పెన్‌డ్రైవ్ బాగా వేడెక్కినా, తనంతట తనే మాయమై మళ్లీ వస్తున్నా, ఆపి నాకు చెప్పండి. అప్పుడు ముందు దాని పూర్తి నకలు తీసి, ఆ నకలు మీద వెతకాలి.

ఫోటోలన్నీ తెరిచి చూసుకున్నాకే ఫార్మాట్ సంగతి. 4 జీబీ దాటిన వీడియో ఫ్యాట్32 అనే రకం ఫార్మాట్‌లో పట్టదు కాబట్టి ఎక్స్‌ఫ్యాట్ అనే రకం ఎంచుకోండి. 'రైట్ ప్రొటెక్టెడ్' అంటూ ఫార్మాట్ అవనంటే, పక్కన తాళం మీట లేని పెన్‌డ్రైవ్ అయితే, చాలావరకు దాని పని అయిపోయినట్టే. ఒకవేళ ఫార్మాట్ అయినా సరే అందులో మళ్లీ ఫోటోలు దాచొద్దు. పాటలకో, ప్రింటుకో వాడుకోండి.

ఇదంతా ఒక్కరోజే చెయ్యక్కర్లేదు. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచాక ఆ తెరని ఫోన్‌తో ఫోటో తీసి పంపండి. ఆ ముక్క చూస్తే మిగతాది ఆదివారం ఫోన్లో కలిసి చేద్దాం. అమ్మని అడిగానని చెప్పండి.

మీ
అమ్మాయి