స్క్రీన్‌షాట్ దాచుకోమంటే సరిపోదు, తీసే తీరూ చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

సైబర్ మోసాల వార్తల చివర తరచూ ఒక సలహా కనిపిస్తుంది: వెంటనే 1930కి ఫోన్ చేయండి, స్క్రీన్‌షాట్లు దాచిపెట్టుకోండి అని. ఫోన్ నంబరు జనానికి బాగానే చేరింది. స్క్రీన్‌షాట్ ఎలా తీయాలో, తీశాక ఏం చేయాలో మాత్రం వివరంగా రాసేవారు తక్కువ. అందుకే చాలామంది కంప్యూటర్ తెరను ఫోన్‌తో ఫొటో తీసి, వాట్సాప్‌లో నెట్ సెంటర్‌కు పంపి, ప్రింట్ తీయించి ఫిర్యాదుకు జతచేస్తున్నారు. అలాంటి ఫొటోలో చారలు పడతాయి. తెర మీది చుక్కల వరుసలూ ఫోన్ సెన్సర్‌లోని వరుసలూ ఒకదానికొకటి సరిగ్గా కుదరకపోవడమే దానికి కారణం. చివరికి 12 అంకెల యూపీఐ లావాదేవీ నంబరులో 3 ఏదో 8 ఏదో తేల్చుకోలేని స్థితి వస్తుంది.

విండోస్ కంప్యూటర్‌లో ఆధారం కోసమైతే విండోస్ కీ, ప్రింట్‌స్క్రీన్ కీ కలిపి నొక్కడం అన్నిటికన్నా మేలు. తెర మొత్తం, కింద మూలన ఉన్న తేదీ, సమయంతో సహా, పిక్చర్స్ ఫోల్డర్‌లోని స్క్రీన్‌షాట్స్‌లో పీఎన్‌జీ ఫైల్‌గా చేరుతుంది. మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ అయిన వన్‌డ్రైవ్ బ్యాకప్ ఆన్‌లో ఉంటే ఆ ఫోల్డర్ వన్‌డ్రైవ్ లోపల ఉంటుంది. ఫైల్ కనిపించలేదని కంగారు పడేవాళ్లు ముందు అక్కడ వెతకాలి. చాలా ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ కీ కూడా కలిపి నొక్కాల్సి వస్తుంది. ప్రింట్‌స్క్రీన్ ఒక్కటే నొక్కితే పాత విండోస్‌లో బొమ్మ క్లిప్‌బోర్డ్‌లోకి, అంటే కాపీ చేసినవి తాత్కాలికంగా ఉండే చోటికి మాత్రమే వెళ్తుంది. పెయింట్‌లో పేస్ట్ చేసి సేవ్ చేయకుండా ఇంకేదైనా కాపీ చేశారో, అది పోయినట్టే. కొత్త విండోస్ 11లో అదే కీ, స్క్రీన్‌షాట్లు తీసే స్నిపింగ్ టూల్ ప్రోగ్రామ్‌ను తెరుస్తుంది. కొంత భాగమే కావాలంటే విండోస్, షిఫ్ట్, ఎస్ కలిపి నొక్కి మౌస్‌తో గీసుకోవచ్చు. ఏదైనా మెనూ క్లిక్ చేయగానే మూసుకుపోతుంటే, స్నిపింగ్ టూల్‌లో 3, 5 లేదా 10 సెకన్ల ఆలస్యం పెట్టుకుని, ఆలోగా మెనూ తెరిచి ఉంచాలి. మ్యాక్ ఉన్నవారు కమాండ్, షిఫ్ట్, 3 నొక్కితే చాలు, ఫైల్ డెస్క్‌టాప్ మీద ఉంటుంది.

మోసపు వెబ్‌సైట్‌ను తీసేటప్పుడు అడ్రస్ బార్ తప్పనిసరిగా కనిపించాలి. క్రోమ్ అడ్రస్‌లో కొంత భాగాన్ని దాచేస్తుంది కాబట్టి బార్ మీద రైట్ క్లిక్ చేసి, యూఆర్‌ఎల్ పూర్తిగా చూపించమనే ఎంపికను పెట్టుకోవాలి. అప్పటికీ బార్‌లో పట్టనంత పొడవైన అడ్రస్‌ను నోట్‌ప్యాడ్‌లోకి కాపీ చేసి ఉంచాలి. పేజీ పొడవుగా ఉంటే కంట్రోల్, పి నొక్కి పీడీఎఫ్‌గా సేవ్ చేయడం మంచిది. అక్కడ హెడర్లు, ఫుటర్లు అన్న గడిలో టిక్ పెడితే ప్రతి పేజీ మీదా తేదీ, అడ్రస్ వస్తాయి.

తీసిన ఫైల్‌ను వాట్సాప్‌లో ఫొటోగా పంపకండి. అది బొమ్మను కుదిస్తుంది, అక్షరాల అంచులు మసకబారతాయి. డాక్యుమెంట్‌గా పంపితే ఫైల్ ఉన్నదున్నట్టు వెళ్తుంది. ఇది స్పష్టతకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న సాక్ష్యాల చట్టం, భారతీయ సాక్ష్య అధినియం, 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ ఆధారానికి ధ్రువపత్రం జతచేయాలి. ఆ పత్రం నమూనాలో ఫైల్ హ్యాష్ విలువ, అంటే ఫైల్‌లోని డేటా నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి కోడ్ రాయాలి. విండోస్‌లో ఆదేశాలు టైప్ చేసే పవర్‌షెల్‌లో గెట్-ఫైల్‌హ్యాష్ (Get-FileHash) అని కొట్టి, ఖాళీ వదిలి, ఫైల్ పేరు ఇస్తే ఎస్‌హెచ్‌ఏ-256 అనే పద్ధతిలో లెక్కగట్టిన హ్యాష్ విలువ వస్తుంది. ఫైల్‌లో ఒక్క చుక్క మారినా ఆ విలువ మారిపోతుంది. కాబట్టి అసలు ఫైల్‌ను ముట్టుకోకుండా పెన్‌డ్రైవ్‌లో పెట్టి, కత్తిరింపులు, గీతలు అన్నీ నకలు మీదే చేయాలి. స్క్రీన్‌షాట్ ఉంది కదా అని అసలు మెయిల్‌నో మెసేజ్‌నో చెరిపేయడం పెద్ద పొరపాటు.

ఇతరులకు పంపే నకలులో ఆధార్, ఖాతా నంబర్లు మూసేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. నల్లటి హైలైటర్‌తో రుద్దితే అది సగం పారదర్శకం. వెలుతురు పెంచితే కింది అంకెలు బయటపడతాయి. మసకబార్చిన అంకెలనూ ఒక్కోసారి ఊహించి పట్టవచ్చు. పెయింట్‌లో నిండుగా రంగు నింపిన దీర్ఘచతురస్రం వేసి, పీఎన్‌జీగా కొత్త పేరుతో సేవ్ చేయండి. వర్డ్‌లో బొమ్మ మీద నల్ల పెట్టె పెట్టి ఆ ఫైల్‌నే పంపితే, అందుకున్నవారు పెట్టెను పక్కకు జరిపేస్తారు. వర్డ్‌లో కత్తిరించిన భాగం కూడా, ప్రత్యేకంగా తొలగిస్తే తప్ప, ఫైల్‌లోనే ఉంటుంది. 2023 మార్చిలో విండోస్ 11 స్నిపింగ్ టూల్‌లోనే ఇలాంటి లోపం బయటపడింది: బొమ్మను కత్తిరించి పాత ఫైల్ మీదే సేవ్ చేస్తే, తీసేసిన భాగం తాలూకు డేటా ఫైల్ చివర మిగిలిపోయేది. మైక్రోసాఫ్ట్ దాన్ని సరిచేసింది కానీ, అంతకుముందు అలా సేవ్ చేసిన ఫైళ్లు వాటంతట అవి బాగుపడవు. వాటిని ఎవరికీ పంపకపోవడమే క్షేమం.

నెట్ సెంటర్‌లో పని చేసుకునేవారికి ఇంకో సంగతి. విండోస్ 11లో స్నిపింగ్ టూల్ తీసిన ప్రతి బొమ్మనూ మీరు అడగకుండానే స్క్రీన్‌షాట్స్ ఫోల్డర్‌లో దాస్తుంది. క్లిప్‌బోర్డ్ చరిత్ర ఆన్‌లో ఉంటే విండోస్, వి నొక్కిన ఎవరికైనా మీరు కాపీ చేసినవి 25 దాకా కనిపిస్తాయి. లేచే ముందు ఆ జాబితాను ఖాళీ చేసి, ఫోల్డర్‌లోని ఫైళ్లను షిఫ్ట్, డిలీట్ కలిపి నొక్కి తీసేయాలి; ఉత్త డిలీట్ నొక్కితే అవి రీసైకిల్ బిన్‌లో కూర్చుంటాయి. డౌన్‌లోడ్స్ కూడా ఒకసారి చూడండి, ప్రింట్ కోసం పంపిన నకళ్లు సాధారణంగా అక్కడే ఉండిపోతాయి.

మీ పత్రికలో ఇకపై సైబర్ మోసం వార్త వేసినప్పుడు 1930 పక్కనే నాలుగు మాటలు చిన్న పెట్టెలో అచ్చు వేయమని మనవి: విండోస్, ప్రింట్‌స్క్రీన్ కలిపి నొక్కండి, అడ్రస్ బార్, తేదీ కనిపించాలి, అసలు ఫైల్‌ను మార్చకండి, డాక్యుమెంట్‌గానే పంపండి.

– ఒక కంప్యూటర్ శిక్షకుడు, ఖమ్మం