కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక: కలుపు నుంచి ఎరువు

సభ్యులందరికీ నమస్కారం.

వీధి దీపాలు, వినాయక చవితి, సంక్రాంతి ముగ్గుల పోటీ ఎప్పటిలాగే నడిచాయి. జమాఖర్చులు నోటీసు బోర్డులో పెట్టాం. ఈ ఏడాది ఎక్కువమంది అడిగింది కలుపు మొక్కలతో ఎరువు చేసే గుంతల గురించే కాబట్టి ఆ పని కాస్త వివరంగా చెబుతాం.

ఖాళీ స్థలాల్లో మొలిచే వయ్యారిభామ (పార్థీనియం) కలుపును తొలకరి తర్వాత, పూత రాకముందే పీకించాం. ఒక్క మొక్క 15 వేలకు పైగా విత్తనాలు రాల్చగలదు. కుప్ప నడుమ 60 డిగ్రీల దాకా వేడి పుట్టినా అంచుల్లో పుట్టదు, అక్కడి విత్తనం బతికే ఉంటుంది. అందుకే పూత పట్టినదాన్ని గుంతలో వేయనివ్వడం లేదు. చేతికి గ్లౌజులు, ముక్కుకు మాస్కు తప్పనిసరి. దురద, ఆయాసం ఉన్నవాళ్లు ఈ పనికి రావద్దు.

గెడ్డల్లో (వాగుల్లో) నీటిపై తేలుతూ పెరిగే గుర్రపుడెక్కలో నూటికి 90 పాళ్లు నీరే. ట్రాక్టర్ నిండా తెచ్చినా ఎండాక మిగిలేది కొంచెమే. ముక్కలు చేసి, పేడ కలిపి, రెండు మూడు వారాలు మాగాకే వానపాములను వదలాలి. పచ్చిది వేస్తే అది కుళ్లేటప్పుడు పుట్టే వేడికి అవి చచ్చిపోతాయి. ఆ తర్వాత 45 నుంచి 60 రోజుల్లో ఎరువు తయారవుతుంది. కాకపోతే ఈ మొక్క నీటిలోని సీసం, కాడ్మియం లాంటి లోహాలను పీల్చుకుంటుంది. ఫ్యాక్టరీలున్న ఊరు మనది. కనుక గెడ్డ ఎరువు పూలమొక్కలకు, రోడ్డు పక్క చెట్లకే. ఇది చాదస్తమని కొందరన్నారు. అయినా ఆకుకూరలకు ఇచ్చేది లేదు.

లంటానా అనే ముళ్ల కలుపు తుప్పలు త్వరగా కుళ్లవు. ఎండబెట్టి, గరాటు ఆకారపు గుంతలో పైనుంచి అంటించి, పొరలు పొరలుగా వేస్తూ, బూడిద కాకముందే నీళ్లు చల్లితే బొగ్గు మిగులుతుంది. దాన్ని పొడిచేసి జీవామృతంలో (పేడ, గోమూత్రం, బెల్లం వగైరా కలిపి పులియబెట్టిన ద్రావణం) నానబెట్టాకే మట్టిలో కలపాలి, లేదంటే మట్టిలోని నత్రజనిని అదే పట్టేసుకుంటుంది. నీరు నిలవని మన ఎర్ర ఇసుక నేలకు ఇది బాగా పనికొస్తుంది. మొదట్లో పచ్చి పుల్లలు కాల్చడంతో పక్క అపార్టుమెంటువాళ్లు పొగ గురించి గొడవపడ్డారు, అది న్యాయమే. ఇప్పుడు ఎండినవే వాడుతున్నాం. విశాఖ దగ్గరి కంబాలకొండ నుంచి తుప్పలు తెద్దామన్న సలహా వచ్చింది. అది అభయారణ్యం, అటవీ శాఖ అనుమతి లేకుండా పుల్ల కూడా ముట్టుకోం.

ఎరువు కావాల్సినవాళ్లు కార్యదర్శి దగ్గర పేరు రాయించుకోండి. గోనె సంచి మీరే తెచ్చుకోవాలి. దయచేసి గుంతల్లో పాల ప్యాకెట్లు వేయకండి.