మా పిల్లల మోకాళ్ళు కాపాడిన ఫిజియో మేడం గారికి కృతజ్ఞతలు

పర్లాకిమిడిలో మా ఇంటికి రెండు వీధుల అవతల చిన్న ఫిజియోథెరపీ క్లినిక్ నడుపుతున్న మేడం గారి కోసం ఈ పోస్టు. పేరు పెట్టొద్దన్నారు కాబట్టి పెట్టడం లేదు. ఊళ్ళో కబడ్డీ ఆడే ఆడపిల్లల తల్లిదండ్రులకు ఎవరి గురించి రాస్తున్నానో తెలిసిపోతుంది.

కిందటేడు మా పెద్దపాప కూతకు వెళ్ళి తిరిగి వస్తూ ఒక్క కాలి మీద గిర్రున తిరిగింది. ఎవరూ పట్టుకోలేదు, ఎవరూ తొయ్యలేదు. మోకాల్లో టప్‌మని వినబడిందంది. సాయంత్రానికి మోకాలు బూరెలా పొంగింది. మోకాలి లోపల ఎముకలను కలిపి పట్టే ఏసీఎల్ అనే లిగమెంటు తెగిందని స్కానింగ్‌లో తేలింది. విశాఖ తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించాం. ఆ రోజు గ్రౌండులో రెండు రౌండ్లు పరుగెత్తించి ఆట మొదలుపెట్టారు. వార్మప్ అంటే అంతే అనుకున్నాం మేమూ.

ఆపరేషన్ తర్వాత మేడం గారి దగ్గరకు వెళ్ళడం మొదలైంది. ఒకరోజు అక్కకు తోడుగా వచ్చిన చిన్నపాపను చూసి, "నువ్వూ ఆడతావా అమ్మా? ఏదీ, ఆ మెట్టు మీంచి ఒకసారి దూకు" అన్నారు. దూకింది. ఫోన్‌లో వీడియో తీసి, మెల్లగా నడిపించి నాకు చూపించారు. పాదాలు నేలకు తగలగానే రెండు మోకాలిచిప్పలూ ఒకదానివైపు ఒకటి వాలిపోయాయి. "చూడండి, ఇలా లోపలికి పడినప్పుడే ఆ లిగమెంటు మీద లాగుడు ఎక్కువవుతుంది" అన్నారు. నా గుండె జారిపోయింది. ఫిజియో దగ్గరకు దెబ్బ తగిలాకే వెళ్తారనుకునేదాన్ని. తగలకముందే చూసి చెప్పేవాళ్ళుంటారని ఆ రోజే తెలిసింది.

ఒకే ఆట ఆడినా మగపిల్లలకంటే ఆడపిల్లలకు ఈ లిగమెంటు తెగడం రెండింతలో, అంతకంటే ఎక్కువో ఉంటుందట. దూకినప్పుడు మోకాళ్ళు వంచకుండా బిగబట్టి దిగడం, తొడ ముందు కండంత బలం వెనక కండకు లేకపోవడం కారణాల్లో కొన్ని. రెండూ సాధనతో మారేవే. "మీ ఒక్క పాపకు నేర్పితే ఏం లాభం, టీమ్‌లో అందరూ దూకుతారు కదా" అని ఆదివారం పొద్దున్న ఆరింటికి గ్రౌండుకు రావడం మొదలుపెట్టారు. ఆరు నెలలు వచ్చారు. ఒక్క రూపాయి తీసుకోలేదు.

ఏం చేయించారో కొంచెం చెప్తాను, వేరే ఊళ్ళవాళ్ళకు పనికొస్తుంది. ఇద్దరిద్దరు జత. ఒకమ్మాయి మోకాళ్ళ మీద నిలబడితే, రెండో అమ్మాయి వెనక కూర్చుని చీలమండలు గట్టిగా నొక్కిపట్టుకోవాలి. మొదటి అమ్మాయి నడుము వంచకుండా, ఒళ్ళు కర్రలా ఉంచి, ముందుకు వీలైనంత నెమ్మదిగా వాలాలి. ఇక ఆగలేననుకున్నప్పుడు చేతులు ఆనించాలి. మొదటివారం ఒక్కరూ సగం దాకా కూడా ఆపుకోలేకపోయారు. మర్నాడు చిన్నపాప తొడలు పట్టేసి మెట్లు దిగలేకపోయింది. మేడం వెంటనే సంఖ్య తగ్గించి, వారం వారం కాస్త కాస్త పెంచారు. ఆ తర్వాత బొంతను నాలుగు మడతలు పెట్టి, దాని మీద ఒంటికాలిపై నిలబడి బంతి పట్టుకోవడం. ఒకసారి బెణికిన చీలమండ మళ్ళీ బెణకడం తేలికట, అందుకే అది. చివర్లో దూకడం, చప్పుడు రాకుండా దిగడం.

మా టీమ్‌లో తెలుగు పిల్లలున్నారు, ఒడియా పిల్లలున్నారు, హాస్టల్లో ఉండి చదివే సవర పిల్లలున్నారు. మేడం "ఏక, దుయి, తిని" అని లెక్కపెడుతూ, తొందరపడే పిల్లల పక్కకెళ్ళి "ధీరే, ధీరే" అనేవారు. ఆ గొంతు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఈ సాధనంతా ఫుట్‌బాల్‌వాళ్ళ కోసం ఫిఫా తయారుచేయించిన ఇరవై నిమిషాల వార్మప్‌లోంచి తీసుకుని కబడ్డీకి తగ్గట్టు మార్చుకున్నదని ఆవిడే చెప్పారు. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ళ ఆడపిల్లల మీద పరీక్షించి 2008లో వెలువరించిన అధ్యయనంలో, అది చేసిన జట్లలో గాయాలు దాదాపు మూడోవంతు తగ్గాయట. మా టీమ్‌లో ఈ సీజన్ ఒక చీలమండ బెణికింది, మోకాలి దెబ్బ ఒక్కటీ లేదు. ఒక్క సీజన్ చూసి ఏదీ తేల్చేయకూడదని మేడమే అంటారు. తల్లిగా నాకు మాత్రం ఆ ఒక్క సీజన్ చాలా పెద్దది.

ఇంకో సంగతికి క్షమాపణ కూడా చెప్పుకోవాలి. ఆపరేషన్ అయిన ఎనిమిదో నెలలో పెద్దపాప "బాగానే ఉంది, టోర్నమెంటుకు పంపమ్మా" అని ఏడిస్తే, నేనే వెళ్ళి మేడం గారిని బతిమాలాను. ఆవిడ ఒప్పుకోలేదు. తొమ్మిది నెలలు నిండాలి, ఒంటికాలి గెంతులో ఆపరేషన్ అయిన కాలు రెండోదానిలో కనీసం 90 శాతం దూరం గెంతాలి, అప్పుడు మాట్లాడదాం అన్నారు. కోపంతో ఇంటికొచ్చాను. మేడం గారూ, ఆ రోజు మీరు నా మొహం చూసి మెత్తబడనందుకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

పొద్దున్నే గ్రౌండు తాళం తీసిన వాచ్‌మన్ బాబాయికి, పిల్లలకు నానబెట్టిన శనగలు తెచ్చిన అమ్మలకు కూడా కృతజ్ఞతలు.

పెద్దపాప మొన్న 94 శాతం గెంతింది. ఈ ఆదివారం చిన్నపిల్లలకు లెక్క తనే పెడుతుందట, మీరు పక్కన కూర్చుంటే చాలంటోంది. మీ బొంత మా ఇంట్లోనే ఉంది మేడం, ఉతికి ఆరేశాను. వచ్చేటప్పుడు తెస్తాం.