మీ తోటల్లో జీడిపిక్కలు రాలుతుంటే మా నాన్నని పలాస తీసుకెళ్ళారు

ఊరివాళ్ళందరికీ నమస్కారం. మీకు దండాలు చెప్తూ ఇది ఏప్రిల్‌లోనే రాయాల్సింది. అప్పటికి నా చేతులకింకా ద్రాక్ష ఊదారంగు వదల్లేదు, ఆ తర్వాత నేరుగా విమానం ఎక్కేశాను.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. నేను వజ్రపుకొత్తూరు వైపు ఉద్దానం పిల్లని. న్యూజిలాండ్‌లో హాక్స్ బే అనే చోట మూడెకరాల ద్రాక్షతోట పెట్టుకుని నేనూ మా ఆయనా వైన్ చేస్తాం. అమ్మ ఊళ్ళో 'ద్రాక్షతోట' వరకే చెప్తుంది. మిగతాది బావలకి తెలుసు, 'సారా కాసే పిల్లొచ్చింది' అంటారు. కాయడం కాదు బావా, పులియబెట్టడం!

అక్కడ కాలాలు మనకి తిరగేసి ఉంటాయి. ఇక్కడ ఎండలు మొదలయ్యే మార్చిలో అక్కడ కోత. ముందు షార్డొనే, తర్వాత మెర్లో, ఏప్రిల్‌లో సిరా, ఇవన్నీ ద్రాక్ష రకాలు. పండులో తీపి 23, 24 బ్రిక్స్‌కి (తీపిని కొలిచే లెక్క అది) వచ్చిందంటే వాన పడకముందే దించెయ్యాలి, లేదంటే గుత్తి లోపలినుంచి బూజు పడుతుంది. కోశాక పని ఇంకా ఎక్కువ. ఎర్ర ద్రాక్ష పులుస్తుంటే తొక్కలన్నీ పైకి తేలి అట్ట కడతాయి. రోజుకి రెండు మూడుసార్లు వాటిని కర్రతో లోపలికి అదమాలి. అలా వదిలేస్తే వెనిగర్ వాసనొస్తుంది, ఏడాది కష్టం కాలవపాలు.

సరిగ్గా అప్పుడే అమ్మ నూతి గట్టు మీద జారి చెయ్యి విరగ్గొట్టుకుంది. నాన్నకి డయాలసిస్. ఇంటింటా కిడ్నీ జబ్బు చూసిన ఉద్దానంలో ఈ మాట ఎవరికీ విప్పి చెప్పక్కర్లేదు. వారానికి మూడుసార్లు పలాస వెళ్ళాలి, వెళ్ళాక నాలుగు గంటలు మంచం మీదే. ఇన్నాళ్ళూ అమ్మే తీసుకెళ్ళేది. నేనొక్కదాన్నే కూతుర్ని.

టికెట్లు వెతుకుతుంటే వీధి చివరి పెదనాన్న ఫోన్ చేశాడు. ఇక్కడ సాయంత్రం ఐదు, అక్కడ అర్ధరాత్రి దాటింది. "ఏటమ్మా, పంట ఒగ్గేసి వచ్చేస్తావేటి? మీ నాన్న నీకొక్కదానికే అయినోడేటి? పడుకో" అని పెట్టేశాడు.

ఆరు వారాలు, పద్దెనిమిది సార్లు మీరే నాన్నని పలాస తీసుకెళ్ళారు. ఒక్కటీ తప్పలేదు.

ఆ ఆరు వారాలూ మీకూ జీడి సీజనే. ఎనభై కిలోల బస్తా ఎంత పలుకుతుందా అని ఏడాదంతా చూసేవాళ్ళకి పిక్కలు ఏరే రోజుల్లో ఒక పూట పోవడమంటే ఏంటో నాకు తెలుసు. ఒకరోజు ఆటోలో నాన్న పక్కన వరసకి నాకు అప్పయ్యే ఆవిడ కూర్చున్న ఫొటో వచ్చింది. తెల్లారకముందే తోటకెళ్ళి, అట్నుంచటే వచ్చేసినట్టుంది, వేళ్ళ నిండా జీడి సొన మరకలు. నా చేతుల ఫొటో తీసి పంపాను. "నీదీ కడిగితే పోదా?" అని అడిగింది.

ఇంటర్ పరీక్షలు అయిపోయిన పక్కింటి గుంటడు ఇంకో పని చేశాడు. డయాలసిస్ మిషన్ ఎక్కేముందు నాన్న బరువు, దిగాక బరువు, మరిచిపోకుండా వాట్సాప్‌లో పెట్టేవాడు. బ్రిక్స్ రాసుకునే నా పుస్తకంలో ఈసారి పక్క గడి నిండా నాన్న కిలోలే ఉన్నాయి.

2023 ఫిబ్రవరిలో గేబ్రియల్ తుపాను హాక్స్ బేలో ఎన్నో తోటల్ని బురదలో పూడ్చేసినప్పుడూ ముందుగా ఫోన్ చేసింది మీరే. తిత్లీ తుపానుని చూసిన కళ్ళు కదా. 2018 అక్టోబర్ 11 తెల్లారేసరికి మన కొబ్బరి చెట్లు ఎలా పడున్నాయో ఎవరు మర్చిపోతారు?

మే నెలలో ఊరొచ్చిన మొదటిరోజు పొద్దున్నే తోటలోకి వెళ్ళాను. చెట్ల కింద ఆఖరి జీడిమామిడి పళ్ళు నలిగి, పులిసి, ఈగలు ముసురుతున్నాయి. నాకు ఈ విద్య ఎక్కడ అబ్బిందని అక్కడివాళ్ళు అడుగుతుంటారు. చిన్నప్పుడు పిక్క తుంపేసి పండు విసిరేసిన ఈ చెట్ల కిందే నాకా వాసన ముందు తెలిసింది.

అమ్మ కట్టు విప్పేశారు. నాన్న బాగానే ఉన్నాడు, నీళ్ళు కొలిచి ఇస్తుంటే విసుక్కునేంత బాగున్నాడు. జూలైలో అక్కడ ద్రాక్ష కొమ్మలు కత్తిరించాలి కాబట్టి నేను వచ్చేవారం బయల్దేరుతున్నాను. పెదనాన్నకి, అప్పకి, గుంటడికి, వంతులేసుకుని వెళ్ళిన ప్రతి ఇంటికీ దండాలు.

ఆటో అన్నా, ఇది నీకే. పద్దెనిమిది ట్రిప్పులకి డీజిల్ డబ్బులైనా తీసుకోమంటే ఇంతవరకూ ఫోన్‌పే నంబరు పంపలేదు. రేపు పొద్దున్న ఇంటికొచ్చేస్తున్నాను, తప్పించుకోకు.